పట్టాకు ముందు ఒకరోజు, అమ్మతో హైకోర్టుకి

చివరి సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయి, వచ్చే నెల పట్టా. ఐదేళ్లు చెన్నైలో లా చదివాను గానీ అమ్మను ఒక్కసారీ హైకోర్టుకు తీసుకెళ్లలేదు. "నువ్వు ఇంటర్న్‌షిప్ అని పోయేదానివే, ఆ చోటు చూపించవే" అని అడుగుతూనే ఉంది. మొన్న నెల్లూరులో పొద్దున్నే రైలెక్కాం. నాయుడుపేట రాకముందే ఇడ్లీలు అయిపోయాయి, సూళ్లూరుపేట దాటాక అమ్మ నిద్రపోయింది, గుమ్మిడిపూండిలో లేచి "అప్పుడే అరవం బోర్డులొచ్చేశాయా" అంది. మొదటి ఏడాది సరిగ్గా ఇక్కడే, కిటికీ వైపు తిరిగి నేను ఏడ్చేదాన్ని. ఆ సంగతి ఇప్పుడూ చెప్పలేదు.

సెంట్రల్‌లో దిగి మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే హైకోర్టు. 1892లో కట్టిన ఎర్ర భవనం, పైన గోపురాలు. అందులో ఎత్తైన దానిమీద 1894 నుంచి 1977 దాకా లైట్‌హౌస్ ఉండేదంటే అమ్మ నమ్మలేదు, కోర్టు మీద దీపమేంటి అంది. 1914లో జర్మన్ యుద్ధనౌక ఎండెన్ మద్రాసు మీద బాంబులేసిన కథ కూడా చెప్పాను కానీ దాని మీద ఆవిడకేం ఆసక్తి కలగలేదు. ప్రకాశం పంతులు గారు బారిస్టరుగా వాదించింది ఈ కోర్టులోనే అంటే మాత్రం తలెత్తి చూసింది. 1954లో గుంటూరుకు ఆంధ్ర హైకోర్టు వచ్చేదాకా మన నెల్లూరు అప్పీళ్లు కూడా ఇక్కడికే వచ్చేవని చెప్పగానే ఆగిపోయి, "అయితే మా తాత పొలం దావాకి మద్రాసు పోయాడనేది ఇక్కడికేనా" అని ఆ మెట్లవైపే చాలాసేపు చూసింది.

లోపల మనునీతి చోళుడి విగ్రహం ఉంది. కొడుకు రథం కింద దూడ చచ్చిపోతే తల్లి ఆవు వచ్చి గంట కొట్టిందట, రాజు కొడుక్కీ అదే శిక్ష వేశాడట. అమ్మ అంతా విని, "ఆవుకి ప్లీడరు లేడు కాబట్టి సరిపోయింది, ఉంటే వాయిదా అడిగేవాడు" అంది. ఐదేళ్ల చదువు మీద ఇంత సూటి విమర్శ నేను వినలేదు.

అసలు నేను చూపించాలనుకున్నది గుమాస్తా అన్నని. మూడో ఏడాదిలో మా సీనియర్ మేడమ్ ఆఫీసులో చేరినప్పుడు నాకు కేసుల పేర్లు, సెక్షన్లు గడగడా వచ్చు, ఒక పిటిషన్ కట్ట కట్టడం మాత్రం రాదు. మధ్యలో నాలుగు పేజీలకు నంబర్లు వెయ్యకుండా ఫైల్ చేయించాను, అది వెనక్కొచ్చింది, తప్పు పూర్తిగా నాదే. మేడమ్‌కి చెప్పకుండా అన్న వరండాలో నా పక్కన కూర్చుని కట్ట మొత్తం విప్పించి, మళ్లీ నంబర్లు వేయించి, దబ్బనంతో కుట్టడం నేర్పాడు. జార్జిటౌన్ తెలుగాయన, ఆయన తెలుగులో సగం తమిళమే. మూట్ కోర్టులో, అంటే లా విద్యార్థుల ఉత్తుత్తి వాదనల పోటీలో, నాకొచ్చిన కప్పు హాస్టల్లో ఎక్కడుందో కూడా తెలియదు, ఆ సాయంత్రం మాత్రం మర్చిపోలేదు. తరగతిలో పాఠం చెప్పినవాళ్లకి రుణపడి లేనని కాదు, కాంట్రాక్ట్స్ పేపరు తప్పినప్పుడు సెలవుల్లో పిలిచి చెప్పిన సారు కూడా ఉన్నారు, కానీ ఆయనకి ఫోన్లో చెప్పగలను, అన్నకి చెప్పాలంటే రావాల్సిందే.

వచ్చాక ఏమీ చెప్పలేకపోయాననుకోండి. అమ్మే మలైకాజా పొట్లం చేతికిచ్చి "మా పిల్లని చూసుకున్నారు" అంది. ఆయన సిగ్గుపడి కాఫీ తెప్పించాడు. ఎన్‌రోల్‌మెంటుకి, అంటే లాయరుగా పేరు నమోదుకి, ఎన్ని వేలవుతాయని అమ్మ మెల్లగా అడిగితే, జనరల్ వాళ్లకి 750 దాటకూడదని 2024లో సుప్రీంకోర్టు చెప్పిందని నేననేలోపే ఆయన చెప్పేశాడు. ఇక్కడా, ఆంధ్రాలోనా అన్నాడు. ఇంకా తేల్చుకోలేదన్నా అన్నాను.

బయల్దేరుతుంటే సొరుగులోంచి పాత దబ్బనం ఒకటి తీసి ఇచ్చాడు. నా దగ్గరుంటే పారేస్తానని అమ్మ దాన్ని రైలు టికెట్టులో చుట్టి తన పర్సులో పెట్టుకుంది.