రిపోర్టులన్నీ నార్మలే, నేనే కాదు

గుండెపోటు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. తెల్లవారుజామున గడ్డం గీసుకుంటుంటే ఛాతీ నడుమ బిగదీసి పట్టేసింది, ఎడమ దవడ లాగింది. వెంటనే తీసుకెళ్ళారు, మణికట్టు దగ్గర నుంచి తీగ పంపి స్టెంట్ వేశారు, నాలుగో రోజు ఇంటికి పంపారు. అంతవరకూ ఎవరినీ ఒక్క మాట అనను.

అసలుది ఇంటికొచ్చాక మొదలైంది. ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే దిండులోంచి గుండె చప్పుడు వినిపించేది. లెక్కపెట్టేవాణ్ణి. పాతికేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి, లెక్క తప్పేది కాదు, నిద్రే తప్పేది. బయట కారు వెనక్కి వస్తూ బీప్ బీప్ మంటే నాకు ఐసీయూ మానిటరే. బాత్రూం గడియ పెట్టడం మానేశాను. షేవింగ్ క్రీం వాసనకే చెమటలు పడుతుంటే గడ్డం పెంచేశాను. "పెద్దరికం వచ్చింది మాస్టారూ" అన్నారు చూసినవాళ్ళు. నవ్వి ఊరుకున్నాను.

రెండు నెలల్లో మూడుసార్లు అర్ధరాత్రి ఆస్పత్రికి పరిగెత్తాం. మూడోసారి డ్యూటీలో ఓ కుర్ర డాక్టరు. ఈసీజీ తీశాడు. ట్రోపోనిన్‌కి రక్తం తీసి, కొన్ని గంటలాగి మళ్ళీ తీశాడు. గుండె కండరం దెబ్బతింటే అది పెరుగుతుంది, పెరగలేదు. పని బాగానే చేశాడు. ఆ తర్వాత పరదా కూడా లాగకుండా, పక్క మంచాల వాళ్ళందరికీ వినపడేలా, "మళ్ళీ మీరేనా అంకుల్? మీకేం లేదు. ఇంట్లో తోచకపోతే టీవీ చూసుకోండి" అన్నాడు. నర్సు నవ్వు ఆపుకుంది. మా ఆవిడ తన చెప్పులకేసి చూస్తూ నిలబడింది. కంటిచూపుతో తరగతిని నిశ్శబ్దం చేసినవాణ్ణి, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి వేళ్ళు ఆడలేదు. ఏమీ లేకపోతే ఈ చెయ్యెందుకు వణుకుతోంది బాబూ అని అడగాలనుకున్నా, నోరు పెగల్లేదు.

ఇంటి గుమ్మం ఎక్కాక మా ఆవిడ అంది: "నాకూ నిద్ర లేదండీ. రాత్రిళ్ళు మీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంటాను."

ఇక చచ్చినా అక్కడికి వెళ్ళనని పంతం పట్టాను. మాత్రల డబ్బా మూత తీస్తే ఆ తెల్లవారుజామే కళ్ళముందు ఆడేది, అందుకని అవీ ఎగ్గొట్టడం మొదలెట్టాను. వాటిలో రక్తం గడ్డకట్టకుండా చూసే రెండు మాత్రలూ మానేస్తే స్టెంటే పూడుకుపోవచ్చు. తెలియక కాదు, తెలిసే మానేశాను.

చెకప్‌లో మా ఆవిడ మొత్తం చెప్పేసింది. గుండె డాక్టరు గారు సైకియాట్రిస్టుకి చీటీ రాస్తే, పరువు కోసం వారం రోజులు జేబులోనే దాచాను.

చివరికి వెళ్ళాను. అక్కడ కుంగుబాటు ఎంతుందో చూసే తొమ్మిది ప్రశ్నల కాగితం ఇచ్చారు. నాకు 27కి 16. తక్కువ వస్తేనే పాసయ్యే పరీక్ష రాయడం అదే మొదటిసారి. కుంగుబాటుతో పాటు పీటీఎస్‌డీ, అంటే జరిగిన ఘోరం తాలూకు భయం మనసుని వదలకుండా పట్టి పీడించే జబ్బు కూడా ఉందన్నారు. అది సైనికులకు వచ్చేది కదండీ అన్నాను. "వాళ్ళు యుద్ధం వదిలి ఇంటికొస్తారు. మీరు దాన్ని ఛాతీలో పెట్టుకుని తిరుగుతున్నారు" అన్నారు సైకియాట్రిస్టు గారు. గుండెపోటు వచ్చినవాళ్ళలో సుమారు ఐదుగురిలో ఒకరికి తీవ్రమైన కుంగుబాటు వస్తుందట. దీన్ని కూడా ముప్పుల లెక్కలో చేర్చాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లోనే చెప్పింది. మరి నా డిశ్చార్జి కాగితంలో ఉప్పు గురించీ నూనె గురించీ అంత రాసినవాళ్ళకి దీని గురించి ఒక్క లైనుకి చోటు దొరకలేదా?

కుంగుబాటుకి వాడే సెర్ట్రలిన్ అనే మందు తక్కువ మోతాదులో మొదలుపెట్టారు. నా మాత్రలతో కలిస్తే రక్తస్రావం ముప్పు కాస్త పెరుగుతుందట, అందుకే పాత చీటీలన్నీ చూశాకే రాశారు. మీరు వెళ్ళినా అన్నీ పట్టుకెళ్ళండి. వారం వారం మాటలు. నాకిచ్చిన హోంవర్కేమో, షేవింగ్ క్రీం మూత తీసి భయం దిగేదాకా పట్టుకు కూర్చోవడం. అన్నిటికన్నా పనిచేసింది ట్రెడ్‌మిల్. వైర్లు తగిలించి, పక్కన మనిషిని పెట్టి నడిపించారు. గుండె దడదడలాడింది, నేను చావలేదు.

కొత్తగా ఛాతీ నొప్పొస్తే మాత్రం, నాది భయమేలే అని ఇంట్లో కూర్చోకండి. వెళ్ళండి. ఆ కుర్రాడు నవ్వితే నవ్వనివ్వండి.

నిన్న గడ్డం గీసుకున్నాను. రెండుచోట్ల తెగింది, మాత్రల పుణ్యమా అని రక్తం ఓ పట్టాన ఆగలేదు. గడియ మాత్రం పెట్టలేదు లెండి.