పాత సింగర్ మిషిన్ల పిచ్చి

వరంగల్‌ల పాత ఇనుప సామాన్ల దుకాణం కనపడితే చాలు, నా కండ్లు కుట్టు మిషిన్ కోసమే దేవులాడుతయ్. మొన్న ఒక సింగర్ దొరికింది, పడవ లెక్క పొడుగు షటిల్ (కింది దారం బాబిన్ పెట్టేది) ఉన్నది, మీద బంగారు పూలు సగం అరిగినయ్ గానీ నంబర్ సాఫ్‌గ ఉంది, ముందటి అక్షరాన్ని బట్టి స్కాట్లాండ్‌ల క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీదని తెలిసింది, గా ఫ్యాక్టరీ 1980లనే మూతపడ్డది. ఎవరో కొబ్బరినూనె పోసిన్రు, అది జిగటై గట్టిపడి చక్రం కదల్తలేదు. (దయచేసి వంటింటి నూనెలు పోయకుర్రి.) కిరోసిన్ చుక్కలేసి రాత్రంత వదిలేసి, పొద్దుగాల తుడిచి మిషిన్ ఆయిల్ ఏస్తే అప్పుడు తిరిగింది. తోలు బెల్ట్ సాగింది, కొంచెం కోసి మళ్ల కొక్కెం బిగించిన, అయిపాయె. జిగ్‌జాగ్ రాదు, ఎన్కకు కుట్టదు, అయితేంది, జీన్స్ మడతల మీద మస్తు పోతది. బ్లౌజులు మాత్రం అమ్మ ఉషా మిషిన్ మీదనే కుడుత, దాని బాబిన్లు ఏ దుకాణంలనైనా దొరుకుతయ్, ఈ పొడుగు బాబిన్లకే తిప్పలు.