నాకు కారు కనిపిస్తోందిగా నాన్నా

మొన్న పార్కింగ్‌లో కారు రివర్స్ తీద్దామని అద్దంలో చూస్తే మా ఐదేళ్ళది ఎక్కడా లేదు. ఇప్పుడే కదా ఇక్కడుంది అనుకుంటూ దిగి వెనక్కెళ్తే, బంపర్‌కి ఆనుకుని కూర్చుని తాపీగా చెప్పు పట్టీ పెట్టుకుంటోంది. పై ప్రాణాలు పైనే పోయాయి. గట్టిగా అరిచేశా. అది బిక్కమొహం వేసి "నాకు కారు కనిపిస్తోందిగా నాన్నా" అంది.

అంటే దాని లెక్కలో తనకి కారు కనిపిస్తే కార్లో ఉన్నవాళ్ళకి తనూ కనిపించినట్టే. అది మొండితనం కాదు, ఆ వయసుకి బుర్ర అలాగే పనిచేస్తుంది, చిన్నప్పుడు కళ్ళు మూసేసుకుని దాక్కున్నాననుకునేది చూడండి, అందులోంచి ఇంకా పూర్తిగా బయటికి రాలేదన్నమాట. అరిస్తే ఇది అర్థమవుతుందా? అందుకే తాళం జేబులో వేసుకుని, దాన్ని డ్రైవర్ సీట్లో నిలబెట్టి నేను వెళ్ళి అదే చోట కూర్చున్నా. అద్దాలన్నీ వెతికింది. "నాన్నా ఎక్కడికెళ్ళావ్?" అని రెండోసారి అడిగేసరికి గొంతులో ఏడుపు.

మనం జాగ్రత్త అన్న మాటని వాడివాడి అరగదీసేశాం అనిపిస్తుంది నాకు. గ్లాసు పట్టుకున్నా జాగ్రత్తే, మెట్లు దిగినా జాగ్రత్తే. నిజానికి పిల్లలు మాట కన్నా మన మొహం ఎక్కువ చూస్తారు. 1985లో ఒక ప్రయోగం చేశారు, ఏడాది పిల్లల్ని గాజు బల్ల మీద వదిలారు, సగం దాటాక కింద గొయ్యి ఉన్నట్టు కనిపిస్తుంది, అవతల అమ్మ ఉంటుంది. అమ్మ నవ్వుతూ ఉంటే 19 మందిలో 14 మంది దాటొచ్చేశారు, భయంగా మొహం పెడితే 17 మందిలో ఒక్కళ్ళూ దాటలేదు. మరి రోజంతా అదే కంగారు మొహం పెట్టుకు తిరిగితే, నిజంగా ప్రమాదం వచ్చినప్పుడు కొత్తగా ఏం మొహం పెడతాం? (మా ఆవిడ ఇది చదివి "ముందు నీ మొహం చూసుకో" అంది.)

ఇంకో చిక్కేంటంటే ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోటికి రాదు. కారెన్ అడాల్ఫ్ అనే సైకాలజిస్ట్ పాకే పిల్లల్ని ఏటవాలు బల్లల మీద చూశారు. వారాల తరబడి పాకిపాకి ఏ వాలు దిగొచ్చో ఏది దిగకూడదో బాగానే తెలుసుకున్న పిల్లలు, నడక రాగానే మళ్ళీ మొదటికొచ్చి నిటారు వాలు మీదికి కూడా నడిచేశారట. చదివినప్పుడు నవ్వొచ్చింది.

ఇప్పుడు మాది కారు తీసే ముందు స్తంభం పక్కన నిలబడి "నాన్నా కనిపిస్తున్నానా" అని అరుస్తుంది, నేను చెయ్యి ఊపేదాకా కదలదు. నాకు భలే గర్వం. నిన్న సాయంత్రం చూస్తే పక్కింటివాళ్ళ వ్యాన్ వెనక చతికిలబడి సుద్దముక్కతో గీతలు గీస్తోంది. ఏంటమ్మా ఇది అంటే తలెత్తి "ఇది మన కారు కాదుగా" అంది.