గ్లెన్ పాస్‌కి ఇంకా పన్నెండు రోజులు

జూన్ 11, 2023

కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కొండల్లో నడవడానికి నాకూ బావకీ పర్మిట్ దొరికినప్పుడు భలే సంబరపడ్డాం. జూలై 28న ఆనియన్ వ్యాలీలో మొదలుపెట్టి కియర్‌సార్జ్ పాస్, గ్లెన్ పాస్ అనే రెండు కనుమలు దాటి రే లేక్స్ సరస్సుల దాకా, నాలుగు రోజులు, వెళ్లిన దారినే వెనక్కి. ఆ తర్వాత మార్చి అంతా తుఫాన్లే. ఏప్రిల్ మొదట్లో రాష్ట్రం వాళ్లు తేల్చిన లెక్క ప్రకారం మంచు సగటుకు 237 శాతం ఉంది. బావ ఫోన్ చేసి, మనం వెళ్లేది నడవడానికా, స్కీయింగుకా అని అడిగాడు.

ప్రస్తుతానికి సాధన కోసం ప్రతి శనివారం మిషన్ పీక్ కొండ ఎక్కుతున్నాం. బ్యాగులో 20 పౌన్ల సోనా మసూరి బస్తా. బరువు సరిగ్గా తెలుస్తుంది, పైగా కొత్తగా కొనే పని లేదు. ఎక్కేటప్పుడు ఊపిరే సమస్య, దిగేటప్పుడు ఎడమ మోకాలు.

జూన్ 25

కార్సన్ పాస్ దగ్గర మంచు మీద ప్రాక్టీస్. పొద్దున ఏడింటికి మంచు సిమెంటు గచ్చులా ఉంది, బూట్లకి తొడిగే ఇనుప ముళ్లు, అదే మైక్రోస్పైక్స్, కరకరమంటూ పట్టుకున్నాయి. పదకొండయ్యేసరికి అదే మంచు ఉప్మారవ్వలా అయిపోయి అడుగడుక్కీ మోకాలి దాకా దిగబడుతుంటే, ఒక్క మైలుకి గంటన్నర పట్టింది. పాస్‌ల మీదకి తెల్లవారుజామునే వెళ్లాలని అందరూ ఎందుకు మొత్తుకుంటారో కాళ్లకి తెలిసొచ్చింది. అక్కడ మూడున్నరకే లేస్తాం.

ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) కొన్నంత మాత్రాన సరిపోదు, జారితే దాంతో ఆగడం రావాలి. కింద చదునుగా ఉండి, రాళ్లు లేని చిన్న వాలు చూసుకుని కావాలనే జారాం. బోర్లా తిరిగి, గొడ్డలి తలని భుజం దగ్గరికి లాక్కుని, ఒంటి బరువంతా దాని మీద వేయాలి. స్పైక్స్ మంచులో తగులుకుంటే పల్టీ కొట్టిస్తాయి కాబట్టి పాదాలు పైకి మడిచే ఉంచాలి. మొదటి నాలుగుసార్లు గొడ్డలి చేతిలోంచి జారిపోయింది. ఐదోసారి ఆగాను, చొక్కా నిండా మంచుతో.

సన్‌స్క్రీన్ మొహానికి రాసుకున్నాను గానీ ముక్కు కింద మర్చిపోయాను. మంచు మీద ఎండ కింది నుంచి కూడా కొడుతుంది, ముక్కుపుటాల లోపల కూడా కాలింది. రెండు రోజులు తుమ్మాలంటేనే భయం.

జూలై 16

కొండలు దాటించే టయోగా రోడ్డు ఇంకా తెరవలేదు, మేం బేకర్స్‌ఫీల్డ్ మీదుగా చుట్టు తిరిగే వెళ్తాం. ఉపగ్రహం ఫొటోలు రోజూ చూస్తున్నా. గ్లెన్ పాస్‌కి మేం ఎక్కే దక్షిణం వైపు నల్లమచ్చలు కనిపిస్తున్నాయి, దిగాల్సిన ఉత్తరం వైపు మాత్రం తెల్లగానే ఉంది. అందుకని ఇప్పుడే ఒప్పందం చేసుకున్నాం: పైకి చేరాక దిగుడు చూసి ఇద్దరిలో ఏ ఒక్కరికి మనసొప్పకపోయినా మారు మాట్లాడకుండా వెనక్కి తిరిగి షార్లెట్ లేక్ దగ్గర మకాం. అక్కడ నిలబడి వాదించుకుంటే బావే గెలుస్తాడు, నాకు తెలుసు. వాగులు సాయంత్రానికి పొంగుతాయి కాబట్టి వాటిని కూడా పొద్దున్నే దాటాలి, నీళ్లలో దిగేముందు బ్యాగు నడుం బెల్టు విప్పేయాలి.

ఇక తిండి. పదకొండు వేల అడుగుల దగ్గర నీళ్లు 89 డిగ్రీలకే మరిగిపోతాయి, కందిపప్పు ఎంతసేపు పెట్టినా ఉడకదు. అందుకే అటుకులు వేయించి, పోపు, ఎండు కరివేపాకు కలిపి పూటకో పొట్లం కట్టాను. వేడినీళ్లు పోసి, మూతపెట్టి, పది నిమిషాలు టోపీలో చుట్టి ఉంచితే చాలు, వంటింట్లో రెండుసార్లు చేసి చూశాం. రెండో రాత్రికి పులిహోర ముద్ద. అన్నీ ఎలుగుబంటి డబ్బాలోనే (ఎలుగుబంట్లు తెరవలేని గట్టి డబ్బా) పట్టాలి. అటుకులు ఊరికే చోటు తినేస్తాయని పొట్లాలకి పిన్నుతో కన్నం పెట్టి గాలి తీసి, పైన మోకాలేసి నొక్కి, టేపు అంటించాను. మూత పడింది, పక్కన ఆవకాయ చిన్న సీసా కూడా పట్టింది!

నిన్న రాత్రి గుర్తొచ్చింది, వాసన వచ్చేవన్నీ డబ్బాలోనే ఉండాలి కదా. టూత్‌పేస్టు, సన్‌స్క్రీన్, పెదాల క్రీము, రాత్రిళ్లు చెత్త కవరు కూడా. ఆవకాయ బయటికి తీశాను. బావకి ఇంకా చెప్పలేదు.