గేటు పడితే

ముద్దనూరు దగ్గర గేటు పడింది. గండికోట నుంచి వస్తా బండి ఆపి దిగినాం. ఎదురుగా ఎర్రమల కొండలు, వాటి ముందర గూడ్సు. థర్మల్ ప్లాంటుకు బొగ్గు.

పక్కన గొర్రెలాయన వేళ్లు మడుస్తా పెట్టెలు లెక్కబెడతాండాడు. నేనూ మొదలుపెట్టినా. 41 కాడ గొర్రెపిల్ల ఒకటి వచ్చి నా చెప్పు నాకింది. లెక్క పాయె.

"ఎన్నొచ్చినాయి పెద్దాయనా?"

"58. బొగ్గుబండి ఎప్పుడూ అంతే అబ్బీ. ఒకటి తగ్గితే నాకు అనుమానమొస్తాది."

పొద్దున పెన్న లోయ అంచున గంటసేపు ఫోటోలే ఫోటోలు. 300 అడుగుల లోతంట అని ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పినాం. ఇక్కడ మాత్రం జేబులో చెయ్యే పెట్టలేదు. గార్డు పెట్టె మలుపు తిరిగేదాకా ఎండలో నోరు తెరుచుకొని చూసినాం.

పెద్దాయన ఖాళీ బండి తిరిగొచ్చేదాకా ఆడనే మేపుతాడంట.