పాత 1210కి కొత్త సైలెన్సర్: ఇంతవరకు జరిగిన పని

బండి టాటా 1210, సెమీ ఫార్వర్డ్ క్యాబిన్ (ఇంజన్ సగం క్యాబిన్ ముందు, సగం లోపల ఉండేది), 1984 మోడల్. మా పెద్దనాయన ఎర్రగుంట్ల వైపు నుంచి కడప బండలు తోలిన లారీ ఇది. బాడుగలు మానేసి చాలా ఏళ్ళయింది. తుక్కుకు వేయడానికి ఆయనకు మనసు రాలేదు, నాకైతే అసలు రాలేదు. క్యాబిన్ రేకు పని, స్టీరింగ్, బ్రేకులు అయిపోయాయి. ఇప్పుడు వంతు సైలెన్సర్‌ది.

కంపెనీ వేసిన 692 ఇంజన్ ఇందులో లేదు. ఎప్పుడో పెద్దనాయన హయాంలోనే 697 ఎక్కించి, ఆర్‌సీలో కూడా రాయించారు. రెండూ ఆరు సిలిండర్లవే. పేరులోనే బోరు (సిలిండరు వ్యాసం) కొలత ఉంది: ఒకటి 92 మి.మీ., ఇంకొకటి 97 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) కూడా పెరిగేసరికి 4.8 లీటర్ల ఇంజన్ ఉన్న చోట 5.7 లీటర్లది కూర్చుంది. టెల్కో (టాటా మోటార్స్ పాత పేరు) 1954లో డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీలు చేయడం మొదలుపెట్టింది. 1969లో ఆ ఒప్పందం ముగిసింది, గ్రిల్ మీద నక్షత్రం పోయి 'టి' వచ్చింది. కానీ ఇంజన్ లోపలి మనిషి మాత్రం చాలా కాలం ఆ జర్మనీవాడే. గట్టి ఇంజన్. టర్బో (పొగ తోపుడుతో తిరిగి ఇంజన్‌కు గాలి ఎక్కించేది) లేదు, అందుకే ఇంత సప్పుడు కూడా. టర్బో ఉంటే ఎగ్జాస్ట్ దెబ్బను అదే కొంత మింగుతుంది.

పాత సైలెన్సర్ విప్పి మా వెల్డింగ్ భాయ్ షెడ్డులో గ్రైండర్‌తో కోయించాను. "అన్నా, దీంట్లో ప్లేట్లే లేవు, ఉత్త డబ్బా" అన్నాడు భాయ్. పికప్ వస్తుందని ఎవరో డ్రైవర్ సప్పుడు ఆపే లోపలి ప్లేట్లన్నీ కోసి పారేశాడు. మన వైపు లారీలకు ఇది మామూలే. పైగా 697కి కూడా అదే పాత రెండున్నర అంగుళాల పైపు వదిలేశారు. అంటే సప్పుడు అడ్డే లేకుండా బయటికి వస్తోంది, పొగ మాత్రం ఇరుకు దారిలో పోతోంది. రెండు విధాలా నష్టమే.

సప్పుడు తగ్గించాలన్న పట్టుదల ఎందుకంటే, నేను బండి తీసేది ఆదివారం తెల్లవారుజామున. మా వీధిలో కిటికీ అద్దాలు అదురుతాయి. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళున్న చోట రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 45 డెసిబెళ్ళు దాటకూడదు, పగలు 55. లారీ స్టార్ట్ చేస్తే ఆ లెక్కలో ఎలాగూ ఇమడదనుకోండి. కానీ ఊళ్ళలో బుల్లెట్ బండ్ల సైలెన్సర్లను రోడ్ రోలర్ కింద తొక్కిస్తున్న రోజుల్లో, ప్లేట్లు లేని డబ్బాతో లారీ తిప్పడం తెలివైన పని కాదు. మోటారు వాహనాల చట్టం 190(2) కింద 2019 సవరణ తర్వాత జరిమానా 10,000 దాకా ఉంది, లైసెన్సు మీద కూడా పడుతుంది.

ఏ సైలెన్సర్ అని చూసే ముందు, ఈ మోతలో ఎగ్జాస్ట్ వాటా ఎంతో తేల్చుకోవాలనుకున్నాను. చాలామంది చేయని పని ఇదే. ఖాళీ స్థలంలో బండి పెట్టి, 7.5 మీటర్ల దూరంలో స్టూలు మీద ఫోన్ పెట్టి, 2000 ఆర్‌పీఎం దగ్గర కొలిచాను: 94 డెసిబెళ్ళు. పక్కనున్న తోటలో పాత బోరుబావి ఇనుప పైపులు పడి ఉంటే వాటిని తెచ్చి టెయిల్ పైపుకు తగిలించి, సందుల్లో వేడికి ఆగే తాడు చుట్టి, చివరను గోడ అవతల డ్రమ్ములోకి పంపాం. అప్పుడు మళ్ళీ కొలిస్తే 79. ఫోన్ అంకెను అంకెగా నమ్మను. ఒకే ఫోన్, ఒకే చోటు, ఒకే ఆర్‌పీఎం కాబట్టి తేడాను మాత్రం నమ్మొచ్చు.

79 అంటే ట్యాపెట్లు (వాల్వులను కదిపేవి), ఇంజెక్టర్ల టకటక, ఫ్యాను, గాలి పీల్చే సప్పుడు. ఎంత ఖరీదైన సైలెన్సర్ పెట్టినా ఆ అంకె కిందికి పోదు. ఇది ముందే తెలిస్తే డబ్బు ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

మానిఫోల్డ్ (ఆరు సిలిండర్ల పొగనూ ఒకే పైపులోకి కలిపేది) దగ్గర కూడా పొగ కారుతోంది. ఒక పోర్టు చుట్టూ నల్లటి మసి గీత కనిపించింది. పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, టెయిల్ పైపును మందపాటి గుడ్డతో కాసేపు అదిమితే అక్కడ 'టిక్ టిక్' అని స్పష్టంగా వినబడుతుంది. మానిఫోల్డ్ దింపి, ముఖం లేత్ మీద సమానం చేయించి, కొత్త ప్యాకింగ్ వేసి, తుప్పు పట్టిన స్టడ్లు మార్చాం. సైలెన్సర్‌కు ముందు ఇంత సందు ఉంటే వెనక ఏం పెట్టినా దండగ.

ఇక ఎంపిక. మా బావమరిది సలహా ఫ్రీ ఫ్లో: చిల్లుల గొట్టం చుట్టూ గ్లాస్ వుల్ కూరినది. పెట్రోలు కార్ల మీద వినడానికి బాగుంటుంది. కానీ గ్లాస్ వుల్ ఆపేది సన్నటి, కీచుగా ఉండే సప్పుడును. మనకున్నది అది కాదు. ఆరు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజన్ ఒక్కో తిరుగుడుకు మూడు సార్లు పేలుతుంది. అంటే 1000 ఆర్‌పీఎంకి 50 హెర్ట్జ్, 1600కి 80, 2000కి 100. ఇది గుండెల్లో తగిలే మోత, దూది లాంటి దానికి లొంగదు. పైగా పాత డీజిల్ మసి, కాస్త ఆయిల్ కలిసి కొన్నాళ్ళకు ఆ వుల్ వంటింట్లో స్టవ్ తుడిచే గుడ్డలాగా తయారవుతుంది. అప్పుడు ఆ కాస్త పని కూడా చేయదు.

షాపులో 1210 పేరు చెప్పి నాకు చూపించిన సైలెన్సర్ మూతి రెండున్నర అంగుళాలే. ఇక్కడ కాగితం మీద లెక్క వేశాను. 5.7 లీటర్ల ఇంజన్ 2600 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి సుమారు 6,300 లీటర్ల గాలి పీలుస్తుంది. అది 500 డిగ్రీల వేడిలో రెండున్నర రెట్లకు ఉబ్బుతుంది. రెండున్నర అంగుళాల పైపులో ఆ పొగ సెకనుకు సుమారు 85 మీటర్ల వేగంతో పోవాలి, మూడు అంగుళాల పైపులో 60. పొగకు ఎదురొచ్చే తోపుడు, అంటే బ్యాక్ ప్రెషర్, వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, అర అంగుళం పెంచితే అది సగానికి పడుతుంది. షాపు సరుకు వద్దనుకున్నాను. తుక్కు మార్కెట్లో పెద్ద బస్సు సైలెన్సర్ ఒకటి దొరికింది కానీ అడుగు మొత్తం తుప్పు. కొలతలు మాత్రం రాసుకున్నాను.

చివరకు భాయ్‌తోనే చేయించాం. గుండ్రటి డబ్బా, 240 మి.మీ. వ్యాసం, మీటరు పొడవు. దాదాపు 45 లీటర్లు పట్టే డబ్బా, అంటే ఇంజన్‌కు ఎనిమిది రెట్లు. లోతైన మోతను ఆపడానికి మొదట కావలసింది చోటు. పైపు అడ్డకోత కంటే డబ్బా అడ్డకోత పది రెట్లు ఉండాలని చూసుకున్నాను. పొగ ఒక్కసారిగా విశాలమైన చోటికి వచ్చి పడితే ధ్వని తరంగం చాలా భాగం వెనక్కి కొట్టుకుంటుంది. సైలెన్సర్ చేసే పని ప్రధానంగా ఇదే.

లోపల మూడు గదులు: 450, 320, 230 మి.మీ. మూడూ సమానంగా పెడదామని భాయ్ అన్నాడు, ప్లేట్లు కొలవడం సులువని. నేను ఒప్పుకోలేదు. ప్రతి గదికీ, దాని పొడవును బట్టి, అడ్డం లేకుండా దాటిపోయే సప్పుడు ఒకటి ఉంటుంది. మూడు గదులూ ఒకే కొలతలో ఉంటే మూడూ ఒకే సప్పుడును వదిలేస్తాయి. గది నుంచి గదికి మూడు అంగుళాల గొట్టాలు, ఒకదానికొకటి ఎదురుగా కాకుండా పక్కకు జరిపి. మొదటి గొట్టానికి 5 మి.మీ. రంధ్రాలు 340 దాకా పడ్డాయి. రంధ్రాల మొత్తం వైశాల్యం పైపు వైశాల్యానికి ఒకటిన్నర రెట్లు ఉండేలా వేసిన లెక్క అది. డ్రిల్లుతో కూర్చుంటే చేతులు పడిపోతాయి, జాలీ రేకు కొని చుట్టించడం మేలు.

ఒళ్ళు 16 గేజ్ రేకు, రెండు మూతలు 3 మి.మీ. మూతలు చదునుగా ఉంటాయి కాబట్టి పల్చగా ఉంటే అవే తప్పెట కొడతాయి. అడుగున ప్రతి గదికీ 3 మి.మీ. చిల్లు ఒకటి. చలికాలంలో పొగలోని తేమ నీళ్ళై నిలిచి లోపలి నుంచి తినేస్తుంది, ఆ నీళ్ళు పోవాలి. అంతా కలిపి 20 కిలోలు దాటింది.

వేలాడదీయడానికి సిమెంటు ఫ్యాక్టరీల పాత కన్వేయర్ బెల్టు ముక్కలు వాడాం. ఎర్రగుంట్ల వైపు తుక్కు అంగళ్ళలో కిలోల లెక్కన దొరుకుతాయి, లోపల గుడ్డ పొరలుంటాయి కాబట్టి తెగవు. ఇనుప పట్టీతో నేరుగా ఛాసిస్‌కు బిగిస్తే సైలెన్సర్ అదురంతా క్యాబిన్‌లోకి వస్తుంది. మానిఫోల్డ్ తర్వాత ఒక ఫ్లెక్సిబుల్ బెల్లోస్ (వంగే మడతల గొట్టం) పెట్టాం. ఇంజన్ తన మౌంటింగ్‌ల మీద ఊగుతుంది, పైపు ఊగదు. అది లేకపోతే వెల్డింగ్ చీలుతుంది. డీజిల్ గొట్టానికీ పైపుకీ కనీసం 35 మి.మీ. ఎడం ఉండాలని నిబంధన. మేము జానెడు వదిలాం, బ్రేకు గొట్టం దగ్గర అడ్డంగా రేకు పెట్టాం. టెయిల్ పైపు కుడివైపుకు తిప్పాం. ఎడమవైపు, కిందికి పొగ వదలకూడదు. ఎడమ పక్కన నడిచేవాళ్ళుంటారు, కిందికి వదిలితే మన దుమ్ములో వెనక బండికి దారి కనబడదు.

బిగించాక అదే చోట, అదే ఫోన్: 81. ఇంజన్ సొంత మోత 79 తీసేస్తే (డెసిబెళ్ళు మామూలు కూడిక, తీసివేతలకు లొంగవు) ఎగ్జాస్ట్ వాటా 77 దగ్గరికి దిగింది. పెద్దనాయన బండి చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, "ఏమిరా, ట్యాపెట్లు ఇంత కొట్టుకుంటాండాయే, సూసుకోలేదా?" అన్నాడు. ట్యాపెట్లు ఎప్పుడూ అంతే కొట్టుకుంటున్నాయి, ఇప్పుడు వినబడుతున్నాయి.

సప్పుడు తగ్గింది సరే, ఇంజన్ ఊపిరి బిగబట్టిందేమో చూడాలి. సైలెన్సర్‌కు ముందు నేరుగా ఉన్న పైపు ముక్క మీద చిన్న నట్టు వెల్డ్ చేసి, మీటరు పొడవు రాగి గొట్టం, దాని చివర మేస్త్రీలు వాడే పారదర్శకమైన లెవెల్ పైపు తగిలించాం. దాన్ని క్యాబిన్ డోరు లోపలివైపు యు ఆకారంలో కట్టి, పసుపు కలిపిన నీళ్ళు పోశాం. రెండు వైపుల నీళ్ళ ఎత్తులో తేడాయే ప్రెషర్. టర్బో లేని డీజిళ్ళకు 3 అంగుళాల పాదరసం, అంటే దాదాపు మీటరు నీళ్ళు, నేను పెట్టుకున్న హద్దు. ఖాళీ బండిని రేస్ చేసి చూస్తే సరిపోదు. డీజిల్ గాలి ఎప్పుడూ నిండుగానే పీలుస్తుంది కానీ లోడు లేనప్పుడు పొగ చల్లగా ఉంటుంది, అంకె తక్కువ చూపిస్తుంది.

అందుకే బండలు లోడు చేసి రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కాం. భాయ్ పక్క సీట్లో టేపు పట్టుకుని నీళ్ళు చూశాడు. నేను రోడ్డు మీది నుంచి కన్ను తీయలేదు, ఆ మలుపుల్లో తీయకూడదు కూడా. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి 2400 ఆర్‌పీఎం దాటినప్పుడు నీళ్ళ తేడా 430 మి.మీ. హద్దులో సగం కూడా కాదు. పాత రెండున్నర అంగుళాలతోనే ఇదే డబ్బా పెట్టి ఉంటే హద్దు దగ్గరికి పోయేది. పైన ఆగి పాలకోవా తిన్నాం, ఆ ఘాట్ ఎక్కి కోవా తినకుండా దిగడం మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.

మిగిలింది ఒకటే. టాప్ గేరులో 1600 ఆర్‌పీఎం, అంటే గంటకు 45–50 కిలోమీటర్ల మధ్య, క్యాబిన్‌లో 'ఊం' అని ఒక గూంకారం. బయట వినబడదు, లోపల చెవులు దిబ్బడ వేస్తాయి. ఇది 80 హెర్ట్జ్. దీనికి టెయిల్ పైపుకు పక్కనుంచి చివర మూసిన గొట్టం ఒకటి అతికిస్తే, అందులోకి పోయిన తరంగం తిరిగొచ్చి అసలు దాన్ని కొట్టేస్తుంది. 300 డిగ్రీల పొగలో ధ్వని వేగం సెకనుకు 480 మీటర్లు, దాన్ని 80తో, మళ్ళీ 4తో భాగిస్తే గొట్టం పొడవు 1.5 మీటర్లు. ఘాట్‌లో పొగ ఇంకా వేడెక్కితే ఈ లెక్క తప్పుతుంది, కానీ గూంకారం ఇబ్బంది పెట్టేది చదును రోడ్డు మీదే. మొదట 1.7 మీటర్లు పెట్టి, చివర జరిపే మూత బిగించి, నడుపుతూ సరిచేద్దామని ఉంది. ఛాసిస్ కుడి పక్కన ఎయిర్ ట్యాంకు వెనక చోటుంది. పైపు తెచ్చాను, భాయ్ ఖాళీ అవ్వాలి.