నెత్తుటి డొంక నుంచి బ్రయన్ ఇంటి దాకా

అమెరికా అంతర్యుద్ధం గురించి కళాశాలలో పాతికేళ్లు పాఠం చెప్పాను గాని, ఆ యుద్ధం జరిగిన నేల మీద కాలు పెట్టింది మొన్న అక్టోబరులోనే. ఉత్తర వర్జీనియాలోని యాష్‌బర్న్‌లో ఉంటున్న మా అబ్బాయి ఒక శని, ఆదివారాలు నాకోసం ఖాళీ చేసుకుని, హార్పర్స్ ఫెర్రీ, ఆంటీటమ్, గెటిస్‌బర్గ్ మూడూ చూపిస్తానన్నాడు. కోడలు పులిహోర కట్టి ఇచ్చింది. నా మనసులో మాత్రం ఒక ప్రశ్న ఉంది. బానిసత్వం కోసం జరిగిన యుద్ధమని మనం ఒక్క ముక్కలో చెప్పేస్తాం. 1860 నాటికి ఆ దేశంలో దాదాపు 40 లక్షల మంది బానిసలున్నారు. మరి వాళ్ల జాడ ఆ యుద్ధభూముల్లో ఎక్కడైనా కనిపిస్తుందా?

హార్పర్స్ ఫెర్రీ రెండు నదులు కలిసే చోట, కొండల నడుమ ఇరుక్కున్న చిన్న ఊరు. బానిసలను తిరుగుబాటుకు లేపాలని 21 మంది అనుచరులను కూడగట్టిన జాన్ బ్రౌన్, 1859 అక్టోబరు 16 రాత్రి ఇక్కడి ప్రభుత్వ ఆయుధాగారాన్ని పట్టుకున్నాడు. రెండు రోజుల్లోనే అంతా ముగిసింది. చివరికి ఆయన తలదాచుకున్నది మంటలార్పే బండ్లు ఉంచే ఒక ఇటుక గదిలో. ఆ గదిని 1893 నాటి షికాగో ప్రదర్శన కోసం ఊడదీసి తీసుకెళ్లి, మళ్లీ తెచ్చి, ఊళ్లోనే ఒకటి రెండు చోట్లకు మార్చి, చివరికి అసలు స్థలానికి కొంచెం ఎడంగా నిలబెట్టారు. బ్రౌన్‌ను పట్టుకోవడానికి వచ్చిన దళానికి నాయకుడు రాబర్ట్ లీ. మరో మూడేళ్లకు ఆంటీటమ్‌లో, దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సేనను నడిపింది కూడా ఆయనే. ఆ దాడిలో బ్రౌన్ మనుషుల తూటాకు మొదట ప్రాణం పోగొట్టుకున్నవాడు హేవర్డ్ షెపర్డ్ అనే స్వతంత్రుడైన నల్లజాతి రైల్వే పనివాడు. ఇన్నేళ్లూ ఈ పేరు పాఠంలో చెప్పకుండా దాటేసినందుకు నాకు సిగ్గేసింది.

మధ్యాహ్నానికి మేరీలాండ్ రాష్ట్రంలోని ఆంటీటమ్ చేరుకున్నాం. 1862 సెప్టెంబరు 17న, ఒక్క పగటి పూటలో, ఇరుపక్షాలలో కలిపి దాదాపు 23,000 మంది చనిపోవడమో, గాయపడటమో, కనిపించకుండా పోవడమో జరిగింది. అమెరికా చరిత్రలో ఒక్క రోజులో అంత నెత్తురు మరెప్పుడూ పారలేదు. లీ తన సేనాపతులకు రాసిన ఆజ్ఞాపత్రం ప్రతి ఒకటి, ఆ యుద్ధానికి నాలుగు రోజుల ముందు, మూడు పొగాకు చుట్టలకు చుట్టిన కాగితంగా, ఫ్రెడరిక్ ఊరి దగ్గర పచ్చికలో ఉత్తరాది సైనికులకు దొరికింది. శత్రువు తన సేనను ఎక్కడెక్కడికి విడదీశాడో తెలిసిపోయాక కూడా ఉత్తరాది సేనాపతి మెక్లెల్లన్ ఆచితూచి కదిలాడు. ఆ తాత్సారాన్ని నేను తరగతిలో కాస్త ఎగతాళిగానే చెప్పేవాణ్ణి; ఆ నేల ఎత్తుపల్లాలు చూశాక ఎగతాళి కొంచెం తగ్గింది గాని, అభిప్రాయం మాత్రం మారలేదు.

తెల్లవారుజామున పోరు మొదలైన మొక్కజొన్న చేనునూ, డంకర్లనే క్రైస్తవ శాఖ వారి తెల్ల చర్చినీ కారు దిగి చూసి ముందుకు సాగాం. నేను ఎక్కువసేపు ఆగిపోయింది డొంకలో. నిజంగా అది డొంకే. దానికి వేరే మాట నాకు తోచలేదు. గుంటూరు జిల్లాలో మా ఊరి పొలాల మధ్య ఉన్నట్టే, ఏళ్ల తరబడి బళ్లు తిరిగి తిరిగి అరిగి, రెండు పక్కలా గట్లు లేచి, మనిషి నడుము లోతుకు దిగిపోయిన బాట. దక్షిణాది సైనికులు దాన్ని కందకంగా చేసుకుని, గట్టు మీద కంచె కర్రలు పేర్చుకుని కూర్చున్నారు. ఎదుటి మిట్ట ఎక్కి వచ్చేవాళ్లు చాలా దగ్గరికి వచ్చేదాకా వాళ్లకు కనిపించరు, వీళ్లూ వాళ్లకు కనిపించరు. మిట్ట దాటగానే ముఖాముఖి. మూడు గంటలకు పైగా అలా సాగాక, ఉత్తరాది వాళ్లకు డొంక పొడవునా కాల్చడానికి వీలైన ఒక మూల చిక్కింది. దాంతో కాపాడిన కందకమే గొయ్యి అయింది. ఈ ఒక్క చోటే దాదాపు 5,500 మంది నేలకూలారు. అప్పటినుంచి దాని పేరు నెత్తుటి డొంక. చివర ఉన్న రాతి బురుజు మెట్లు మోకాళ్ల నొప్పితోనే ఎక్కాను. పైనుంచి చూస్తే ఆ బాట పొలం మీద గీసిన వంకర గీతలా ఉంది. ఇప్పుడక్కడ గడ్డి ఎంత పచ్చగా ఉందంటే, మా అబ్బాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

బర్న్‌సైడ్ వంతెన దగ్గర సాయంత్రపు ఎండ పడుతోంది. సుమారు 500 మంది దక్షిణాది జార్జియా తుపాకీదారులు ఎదుటి గట్టు మీదనుంచి ఒక పెద్ద ఉత్తరాది సేనను గంటల తరబడి ఆపింది ఈ ఇరుకు రాతి వంతెన మీదే.

యుద్ధంగా చూస్తే ఆంటీటమ్‌లో ఎవరూ తేల్చి గెలవలేదు. లీ మర్నాడంతా అక్కడే నిలిచి, రాత్రికి నది దాటి వెళ్లిపోయాడు. అయితే లింకన్‌కు ఆ మాత్రం చాలింది. దక్షిణాది బానిసలకు విముక్తి ప్రకటించే పత్రాన్ని ఆయన జులైలోనే సిద్ధం చేసుకుంటే, ఓడుతున్న వేళ ప్రకటిస్తే గతిలేక చేసినట్టుంటుంది, ఒక విజయం వచ్చేదాకా ఆగండని మంత్రి సీవర్డ్ సలహా ఇచ్చాడు. ఈ పోరు ముగిసిన అయిదో రోజున, సెప్టెంబరు 22న, ఆ ప్రకటన వెలువడి, 1863 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దేశాన్ని కలిపి ఉంచడానికని మొదలైన యుద్ధం బానిసత్వాన్ని తుడిచిపెట్టే యుద్ధంగా మారింది అక్కడే. ఆ తర్వాత దాదాపు 1,80,000 మంది నల్లజాతీయులు ఉత్తరాది సేనలో చేరారు. నా లెక్కలో అసలు మలుపు ఇదే. గెటిస్‌బర్గ్ దీని తర్వాతే.

చిత్రమేమిటంటే, ఆ ప్రకటన తిరుగుబాటు ప్రాంతాలకే వర్తించింది గనుక, ఏ నేల మీది పోరు దానికి ఊపిరి పోసిందో ఆ మేరీలాండ్‌లోని బానిసలకు విముక్తి రాలేదు. వాళ్లు 1864 నవంబరు 1 దాకా ఆగవలసి వచ్చింది. పక్కనే ఉన్న షార్ప్స్‌బర్గ్ వీధి మూల మీద ఒక రాయి ఉంది. 1800 నుంచి 1865 వరకు దీన్ని బానిసల వేలానికి వాడారని దాని మీది ఫలకం చెబుతుంది. చట్టం 1864లోనే రద్దు చేసిన వ్యాపారానికి ఫలకం ఒక ఏడాది అదనంగా ఎలా ఇచ్చిందో గాని, రాయి మాత్రం మోకాలెత్తున, ఏ ఇంటి అరుగు పక్కనో వేసినట్టు, అతి మామూలుగా ఉంది.

మర్నాడు ఉదయం గెటిస్‌బర్గ్‌కు వెళ్లే దారిలో మా అబ్బాయికి పత్తి సంగతి చెప్పాను. దక్షిణాది రేవులను ఉత్తరాది నౌకాదళం దిగ్బంధించడంతో లాంకషైర్ మిల్లులకు దూది కరువై మన దేశపు పత్తికి గిరాకీ లేచింది. గుంటూరు పత్తి ఎగుమతితో కాకినాడ రేవు పుంజుకున్నది ఆ రోజుల్లోనే. మన ప్రాంతపు పత్తికి వర్తకులు పెట్టుకున్న పేరు ‘కోకనాడా’. 1865లో యుద్ధం ముగియగానే ఆ వెలలు నిలవలేదు. “అయితే మన వాళ్లకూ ఇందులో వాటా ఉందన్నమాట నాన్నా” అన్నాడు. ఉంది.

గెటిస్‌బర్గ్‌లో 1863 జులై 1 నుంచి 3 వరకు జరిగిన పోరులో ఇరుపక్షాలకూ కలిపి సుమారు 51,000 మంది నష్టం. లిటిల్ రౌండ్ టాప్ గుట్ట మీద జనం తిరునాళ్లలా ఉన్నారు; పటాలానికొకటి చొప్పున ఎక్కడ చూసినా స్మారకాలే. మేం వాటిని వదిలి, మూడో రోజు మధ్యాహ్నం దాదాపు 12,500 మంది దక్షిణాది సైనికులు దాటిన మైదానంలో నడిచాం. సుమారు మైలు దూరం, చెట్టు నీడ లేదు. మధ్యలో ఎమిట్స్‌బర్గ్ రోడ్డు, దాని కంచె. ఎదుట ఫిరంగులు మోగుతుంటే ఆ కంచె కర్రలు ఎక్కి దాటాలి. పికెట్ దాడిగా పేరుపడ్డ ఆ ప్రయత్నంలో వచ్చినవాళ్లలో సగానికి మించి చనిపోవడమో, గాయపడటమో, పట్టుబడటమో జరిగింది. మర్నాడు జులై 4న మిసిసిపీ నది ఒడ్డున, 47 రోజుల ముట్టడి తర్వాత, దక్షిణాది కోట ఊరు విక్స్‌బర్గ్ ఉత్తరాది సేనాపతి గ్రాంట్‌కు లొంగిపోయింది. లీ మళ్లీ ఉత్తరాదిన అంత పెద్ద దండయాత్ర చేయలేకపోయాడు.

మైదానం దాటి గట్టెక్కితే, రాతి గోడ పక్కన ఒక చిన్న తెల్లటి చెక్క ఇల్లు. అది అబ్రహాం బ్రయన్ అనే నల్లజాతి రైతుది. ఆయన ఎవరి బానిసా కాదు. 12 ఎకరాల సొంత పొలం. లీ సేన పెన్సిల్వేనియాలో అడుగుపెట్టినప్పుడు, దొరికిన నల్లవాళ్లను స్వతంత్రులా కాదా అని చూడకుండా పట్టి దక్షిణాదికి తోలింది. అందుకే ఆయన భార్యాబిడ్డలతో ముందే ఊరు విడిచిపోయాడు. దాడి ఎడమ పక్క సేనలను అడ్డుకున్నది ఈ ఇంటి దగ్గరి గోడ వెనుకనుంచే. తిరిగొచ్చేసరికి గోడల నిండా తూటాల బెజ్జాలు, కంచె మాయం, పైరు నేలమట్టం. పరిహారం కోసం 1,028 డాలర్లకు లెక్క రాసి ప్రభుత్వానికి పెట్టుకున్నాడు.

మా అబ్బాయి ఆ ఇంటి తలుపు సందులోంచి లోపలికి తొంగి చూస్తూ, ఎంత ఇచ్చారని అడిగాడు. 15 డాలర్లని చెప్పాను.